నేల తీగ

కూచిపూడి,
4-9-2005

ప్రియమైన అన్నయ్యకి,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు మా అక్షయ ఎత్తి, "టీచర్ క్లాసులో ఉన్నారండీ" అంది. నేను పక్కనే ఉన్నాను. అలా చెప్పమన్నది నేనే. కోప్పడకు. ఇక్కడి లైను ఒకటే గరగర, నాలుగు మాటలు చెబితే రెండు మింగేస్తోంది. నువ్వేమో ఎవరో తరుముతున్నట్టు మాట్లాడతావు. ఇకనుంచి ఉత్తరాలే రాసుకుందాం. కోడి గెలికినట్టుండే నీ రాత చదవగలిగేది లోకంలో నేనొక్కదాన్నే, ఆ విద్య మరిచిపోకూడదు కదా.

అసలు సంగతికి వస్తాను. డిసెంబరులో విజయవాడలో మా పిల్లల ప్రదర్శన ఉంది. అక్షయ మొదటిసారి ఒక్కతే పూర్తి కచేరీ ఆడబోతోంది. మృదంగం మన లాజరు మాస్టారు, ముందు కూర్చుని తాళం వేసేది నేను. ఆడేవాళ్ళూ, పాడేవాళ్ళూ, వాయించేవాళ్ళూ అందరూ నా చేతిలోని తాళాలనే నమ్ముకుని నడవాలి. కిందటి ఆదివారం ప్రాక్టీసు మధ్యలో లాజరు మాస్టారు చెయ్యి ఆపేసి, పిల్లలందరి ముందూ, "టీచరమ్మా, తాళం వెనకబడుతోందండీ" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నా తాళం వెనకబడటం లేదు, మీ చెయ్యే ముందుకి పరిగెడుతోంది" అనేశాను. ఆయన మృదంగం ఒళ్ళోంచి దించి పక్కన పెట్టేశారు. అది నన్ను ఇంకా కాల్చింది. అప్పటినుంచి ప్రాక్టీసు పెట్టలేదు.

నీ ల్యాబులో లారీ కమాన్ పట్టీలు ఎంత వణుకుతున్నాయో కొలుస్తావు కదా, నా తాళం కొలవలేవా? మనిషి చెబితే పక్షపాతం అంటారు. యంత్రానికి నేను చెల్లెల్నీ కాదు, ఆయన పగవాడూ కాదు. నువ్విచ్చిన పాత ల్యాప్‌టాప్ నా దగ్గరే ఉంది. ఎలా కలపాలో రాసి పంపు. నువ్వు మాత్రం రావద్దు. నువ్వు ఎదురుగా కూర్చుంటే నాకు చిన్నప్పటిలాగే నవ్వొస్తుంది, తాళం నిజంగానే తప్పుతుంది.

వదినకి బందరు హల్వా పంపుతున్నాను. నువ్వు కూడా కాస్త రుచి చూడు.

నీతో పోట్లాడటం మానని,
హేమ


విజయవాడ,
11-9-2005

ప్రియమైన చెల్లాయికి,

హల్వా డబ్బా అందింది. మూత మాత్రం నాకు దక్కింది.

నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది, రెండోసారి రాలేదు. లాజరు మాస్టారు ఊరికే మాట తూలే మనిషి కాదు. సరే, అనుమానం ఎందుకు, కొలిచేద్దాం.

అక్షయ వాళ్ళ నాన్న రాంబాబు గారు లారీ సామాన్ల కోసం ఆటోనగర్ వచ్చారు. ఆయన చేతికి మా డాక్ బాక్స్ ఇచ్చి పంపుతున్నాను. తీగల్లోంచి వచ్చే కరెంటుని అంకెలుగా మార్చి ల్యాప్‌టాప్ మీద గీతలుగా చూపించటం దాని పని. అది మా ల్యాబుది, మేనేజరు గారిని బతిమాలి తెచ్చాను. దాన్ని కాల్చావంటే నా ఉద్యోగం కూడా కాలుతుంది. శ్రద్ధగా చదువు.

పెట్టెకి రెండు చానళ్ళు వాడతాం. మొదటి దాంట్లోకి ల్యాప్‌టాప్ వినిపించే తాళం వెళ్తుంది. సీడీలో ఉత్త తాళం దెబ్బలే రికార్డు చేసి పంపాను, పాట లేదు. రెండో దాంట్లోకి నీ దెబ్బ వెళ్తుంది. క్లాసులో కర్రతో తడతావే, ఆ చెక్కపలక కింద ఈ ఇత్తడి బిళ్ళ అంటించు. దెబ్బ పడగానే అది చిటికెడు కరెంటు పుట్టిస్తుంది. స్పీకరులో తాళం వింటూ నువ్వు పలక మీద కొట్టు. రెండు గీతలూ ఒకదాని కింద ఒకటి వస్తాయి. నువ్వు వెనకబడితే కింది గీతలో దెబ్బ వెనకబడి కనిపిస్తుంది. అంతే.

ఇక జాగ్రత్తలు. ఇయర్‌ఫోన్ రంధ్రంలో దూర్చే పిన్ను మీద మూడు ముక్కలుంటాయి. కొస ఎడమ చెవిది, మధ్యది కుడి చెవిది, మొదలు ఎర్త్‌ది. మనకి ఎడమదీ ఎర్తూ చాలు. ఎర్ర టేపు చుట్టింది తాళం తీగ, నల్ల టేపు చుట్టింది ఎర్త్ తీగ. కుడి చెవి తీగని మూసేశాను, దాన్ని విప్పి ఎర్రదానితో ముడేయకు. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ల్యాప్‌టాప్‌కి చెవుడొస్తుంది.

కొలిచేటంతసేపూ చార్జర్ పీకేసి బ్యాటరీ మీదే నడుపు. ఆ చార్జర్‌కి ఎర్త్ పిన్ను లేదు, తగిలించి ఉంటే రేకు మీద చెయ్యి జిల్లుమంటుంది. ఆ జిల్లు పెట్టెలోకి పోతే గీతంతా వణుకే. స్పీకరు గోడ ప్లగ్గు మీద నడుస్తుంది కాబట్టి దానికి వెళ్ళే తీగ మధ్యలో ఈ నల్ల డబ్బా తప్పకుండా పెట్టు. అందులో ఉన్నది చిన్న ట్రాన్స్‌ఫార్మర్. తాళం దాటుతుంది, గోడలో కరెంటు దాటదు. సౌండు బాగా తగ్గించి మొదలుపెట్టి, గీత కనిపించేదాకా కొద్దికొద్దిగా పెంచు.

అన్నిటికన్నా ముఖ్యం ఇది. తగిలించేటప్పుడు ముందు ఎర్త్ తీగ, తర్వాతే తాళం తీగ. తీసేటప్పుడు ముందు తాళం తీగ, చివరికి ఎర్త్. బిళ్ళకీ అంతే. ఈ వరస మరిచిపోకు.

నీ ఉద్యోగభద్రత లేని అన్నయ్య,
గంగాప్రసాద్


కూచిపూడి,
20-9-2005

ప్రియమైన అన్నయ్యకి,

పెట్టె క్షేమం, నేను క్షేమం. నీ ఉత్తరంలో ఒక్కసారికే నాకు అర్థమైన సంగతి ఒకటే. ముందు నేల, చివర నేల. మేమూ అంతే కదా. ఆటకి ముందు భూమికి నమస్కారం చేసి, నిన్ను తొక్కబోతున్నాను క్షమించు తల్లీ అనుకుంటాం. ఆట అయ్యాక మళ్ళీ నమస్కరించి లేస్తాం. ఈ మాత్రానికి నువ్వు ఇంజనీరింగ్ చదవాలా? అందుకని నీ ఎర్త్ తీగకి నేల తీగ అని పేరు పెట్టుకున్నాను. అక్షయ కూడా అలాగే అంటోంది.

చార్జర్ తీయటం ఒకసారి మరిచిపోయాను. నువ్వన్నట్టే జిల్లుమంది. తర్వాత బుద్ధిగా బ్యాటరీ మీదే చేశాను. నల్ల డబ్బా పెట్టాను, సౌండు మెల్లగానే పెంచాను. నీ ఉద్యోగానికి ఢోకా లేదు.

పిల్లల్ని ఇంటికి పంపేసి ఒక్కదాన్నే కూర్చుని కొట్టాను. రెండుసార్లు చేశాను. మొదటిదాంట్లో ఏదో తేడా వచ్చింది, చెరిపేశాను. రెండోది సీడీలో పంపుతున్నాను.

ల్యాప్‌టాప్‌కి చెవుడొస్తుందని రాశావు చూడు, ఆ మాట చదివాక పిన్ను దూర్చబోయి ఆగిపోయాను. ఎందుకో అమ్మ గుర్తొచ్చింది. చివరి రోజుల్లో ఎవరేమన్నా నవ్వుతూ తల ఊపేది కదా. చేపల బేరంలో కూడా అలాగే తల ఊపి మోసపోయేది.

త్వరగా చూసి రాయి.

నీ హేమ


విజయవాడ,
27-9-2005

ప్రియమైన చెల్లాయికి,

కాలర్ ఎగరేసుకుని రాస్తున్నాను. సీడీ తెరిచి చూశాను. పై గీతలో తాళం ఎక్కడుందో, కింది గీతలో నీ దెబ్బ సరిగ్గా అక్కడే ఉంది. ఎంత పెద్దది చేసి చూసినా వెంట్రుకవాసి తేడా లేదు. మా ల్యాబులో ఇంత చక్కటి గీత ఎవరూ తేలేదు. నీ దెబ్బలు కాస్త చిన్నగా ఉన్నాయి, పలక పగులుతుందని మెల్లగా కొట్టావేమో. అయితేనేం! ప్రింటు తీసి పంపుతున్నాను. ఎవరికి కావాలంటే వాళ్ళకి చూపించు.

అనుమానించినందుకు నన్ను తిట్టుకో. లాజరు మాస్టారిని మాత్రం మరీ ఏడిపించకు.

గర్వంతో ఇంచి పొడుగు పెరిగిన,
అన్నయ్య


కూచిపూడి,
6-10-2005

ప్రియమైన అన్నయ్యకి,

నీ ఉత్తరం, ప్రింటు అందాయి. లాజరు మాస్టారిని పిలిపించి, పిల్లల ముందే మాట అన్నారు కాబట్టి పిల్లల ముందే నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన ప్రింటు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూశారు. "యంత్రం చెప్పిందంటే ఇంక నేనెవర్నండీ" అని, మృదంగానికి గుడ్డ చుట్టుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఉయ్యూరు బస్సు ఎక్కటం పిల్లలు చూశారట.

డిసెంబరుకి వేరే మృదంగం కుదుర్చుకోవాలి. గెలిచాను కదా, సంతోషంగా ఉండాలి. పిల్లలు ఆ రోజంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

అన్నయ్యా, ఒక్క మాట అడుగుతాను. నీ పెట్టె ఎప్పుడైనా తప్పు చూపిస్తుందా?

హేమ


విజయవాడ,
17-10-2005

ప్రియమైన చెల్లాయికి,

పనుల వల్ల జవాబు ఆలస్యమైంది. పెట్టె తప్పు చూపించదు. ధైర్యంగా ఉండు. కొత్త మృదంగం వాళ్ళ కోసం నేనూ వాకబు చేస్తాను. వదిన అడిగానని చెప్పమంది.

అన్నయ్య


విజయవాడ,
20-11-2005

ప్రియమైన హేమకి,

నెల దాటినా నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. నేనూ రాయలేదు. ఎన్నిసార్లు మొదలుపెట్టి చించేశానో మీ వదినకి తెలుసు. ఇప్పుడు రాసేది చించను.

కిందటి ఉత్తరంలో నీకు అబద్ధం రాశాను. అప్పటికే నాకు నిజం తెలుసు.

పెట్టె తిరిగొచ్చాక ఒకరోజు కమాన్ పట్టీ కొలుస్తున్నాను. ఒక చానల్ తీగ ఊడి కింద వేలాడుతోంది. అయినా తెర మీద ఆ చానల్లో గీత కదులుతూనే ఉంది. పక్క చానల్లో ఏముందో అదే, కాస్త చిన్నగా. ఊరికే వదిలేసిన చానల్‌కి తన మాటంటూ ఉండదు హేమా, పక్కదాని మాటనే సన్నగా పలుకుతుంది. మేం దాన్ని నీడ అంటాం. ఈ సంగతి నాకు కొత్తది కాదు. నీకు రాసిన జాగ్రత్తల్లో ఇది ఒక్కటి రాయటం మరిచిపోయాను. వెంటనే నీ సీడీ మళ్ళీ తెరిచాను. కింది గీత నీ దెబ్బలది కాదు. పై తాళానికి నీడ. నీ బిళ్ళ తీగ ఎక్కడో ఊడిపోయి ఉంటుంది. ఏ మనిషీ యంత్రమంత సరిగ్గా కొట్టలేడు, ఆ మాట నాకు ఆ రోజే తట్టాల్సింది. చెల్లెలు గెలిచిందన్న సంబరంలో నా కళ్ళు మూసుకుపోయాయి.

అంతవరకూ పొరపాటు. తర్వాతిది పొరపాటు కాదు. నీడ అని తెలిశాక, లాజరు మాస్టారు వెళ్ళిపోయారన్న నీ ఉత్తరం చేతిలో పెట్టుకుని, పెట్టె తప్పు చూపించదని రాశాను. నీ మొహం చిన్నబోవటం చూడలేననుకున్నాను. ప్రదర్శన అయిపోతే అంతా సర్దుకుంటుందనుకున్నాను. ఇది ప్రేమ అని నాకు నేనే చెప్పుకున్నాను. పిరికితనం.

మొన్న బస్టాండులో లాజరు మాస్టారు కనిపించారు. నేను తప్పుకుందామనుకునేలోపే ఆయనే వచ్చి పలకరించారు.

"బాగున్నారా బాబూ? టీచరమ్మ బాగుందాండీ?"

"బాగుందండీ. మృదంగం ఏదండీ, చేతిలో లేదు?" అన్నాను.

"ఇంట్లో గూట్లో పెట్టేశానండీ. భజనలకి కూడా పోవట్లేదు. మీ పెట్టె చెప్పాక ఆలోచించుకున్నా బాబూ. టీచరమ్మ తాళం సరిగ్గా ఉందంటే, పోయింది నా చెవే కదండీ. చెవి పోయాక వాయిస్తే పక్కోళ్ళని కూడా చెడగొడతాం. మర్యాదగా ఆపెయ్యటం మంచిదండీ."

ఆయన నవ్వుతూనే అన్నారు. నేను అప్పుడే, అక్కడే చెప్పెయ్యాల్సింది. బస్సు వచ్చింది, వెళ్ళిపోయారు. తప్పు లేని మనిషి తన చెవిని తానే నమ్మకుండా అయిపోయాడు హేమా. ఆ ప్రింటు తీసి పంపింది నా చెయ్యి.

నీ తాళం వెనకబడుతోందో లేదో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. మనం కొలవనే లేదు. నువ్వు రమ్మంటే పెట్టె తీసుకుని వస్తాను. వద్దంటే ఉయ్యూరు వెళ్ళి మాస్టారి ముందు తల వంచుకుని నేనే చెబుతాను. ఏదైనా నీ మాట కోసం చూస్తున్నాను.

నీ నమ్మకానికి తగని,
అన్నయ్య


విజయవాడ,
5-12-2005

ప్రియమైన హేమకి,

నా ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. అయినా నిన్న ప్రదర్శనకి వచ్చాను, చివరి వరసలో కూర్చున్నాను. తెర లేవగానే మృదంగం ముందు లాజరు మాస్టారిని చూసి నా గుండె కుదుటపడింది. తాళం దగ్గర నువ్వు లేవు, ఎవరో అమ్మాయి ఉంది. అక్షయ బంగారంలా ఆడింది.

అయిపోయాక స్టేజీ వెనక్కి వచ్చాను. నువ్వు అటు తిరిగి గజ్జెలు సర్దుతున్నావు. "హేమా" అని పిలిచాను. కాస్త ఆగి మళ్ళీ పిలిచాను. నువ్వు తిరగలేదు. నాకు తగినదే అనుకుని వచ్చేశాను. నీ కోపం పోయేదాకా ఎదురుచూస్తాను. ఎంతకాలమైనా సరే.

అన్నయ్య


కూచిపూడి,
9-12-2005

ప్రియమైన అన్నయ్యకి,

నువ్వు పిలిస్తే నేనెందుకు తిరగలేదో చివర్లో చెబుతాను. ముందు నీ మెడలో వేసుకున్న తప్పుల దండలోంచి నావి నాకిచ్చెయ్యి.

బిళ్ళ తీగ ఊడిపోలేదు. నేను ఊడదీశాను.

మొదటిసారి అన్నీ నువ్వు చెప్పినట్టే కలిపాను. కొట్టాను. తెర మీద చూస్తే నా దెబ్బలు తాళం వెనకాల తూలుతూ నడుస్తున్నాయి. ఒకటి బాగా వెనక, ఒకటి ఇంకా వెనక. లాజరు మాస్టారి మాట నిజమని అప్పుడే తెలిసిపోయింది. చెరిపేశాను. బిళ్ళ తీగలు పీకేశాను, నేల తీగతో సహా. ఖాళీ గీత వస్తుంది, బిళ్ళ పాడైపోయిందని రాసేసి ఈ గొడవ ఆపేద్దామనుకున్నాను. తీరా చూస్తే ఖాళీ చానల్లో చక్కగా దెబ్బలు. నేను కొట్టనే లేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎలా వచ్చాయో నాకు తెలియదు. దేవుడే నాకోసం కొట్టాడనిపించింది, అంత పిచ్చిదాన్ని అయిపోయాను. దాన్నే నీకు పంపాను. నీ పెట్టె అబద్ధం చెప్పలేదు అన్నయ్యా, దాని నోరు నేనే మూశాను.

నీ ఉత్తరం మాస్టారి ముందు చదివేటప్పుడు కూడా నాకు అంతా తెలుసు. ఆయన కిటికీ దగ్గర ఆ కాగితం చూస్తుంటే, ఇప్పుడైనా నిజం చెప్పెయ్యి అని లోపల ఒకటే రొద. చెప్పలేదు. పెట్టె తప్పు చూపిస్తుందా అని నిన్ను అడిగాను కదా, అవునని నువ్వు అంటావేమోనని అడిగాను. నువ్వు కాదన్నావు. ఇంక తప్పు దాని మీదకి తోసే దారి కూడా పోయింది.

ఆయన మృదంగం గూట్లో పెట్టేశారని నువ్వు రాసినది చదివి మర్నాడే ఉయ్యూరు వెళ్ళాను. మాస్టారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. అంతా చెప్పాను. ఆయన తల దించుకుని ఏదో అన్నారు. నేను నవ్వుతూ తల ఊపాను. అమ్మలాగా. అప్పుడు వాళ్ళావిడ తెరేసమ్మ గారు లోపల్నుంచి వచ్చి, ఆయన భుజం తట్టి గట్టిగా అంది, "తలెత్తి చెప్పవయ్యా, ఆవిడకి వినపడదని నువ్వే అన్నావుగా!"

ఆ ఆదివారం ప్రాక్టీసు నుంచి వెళ్ళిన రోజే ఆయన ఇంట్లో చెప్పారట. టీచరమ్మకి చెవి మందగించింది, పిల్లల ముందు ఆ మాట ఎలా అంటాం, అందుకని తాళం వెనకబడుతోందని మాత్రమే అన్నాను అని. తర్వాత మన ప్రింటు చూసి, టీచరమ్మ చెవి బాగుందన్నమాట, పోయింది నాదే అనుకున్నారు. నా పరువు కాపాడిన మనిషికి నేను చేసింది ఇది. ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, "వద్దమ్మా, ముందు తాళం ఎవరు వేస్తారో చూడు" అన్నారు, ఈసారి నా మొహంలోకి చూస్తూ.

అవును. నాకు వినపడటం లేదు. వేసవి నుంచీ తగ్గుతూ వస్తోంది. మృదంగం మోత దూరంగా ఎక్కడో మోగినట్టు ఉంటుంది. అందుకని పిల్లల కాళ్ళు చూసి తాళం వేస్తున్నాను. నన్ను చూసి వాళ్ళు ఆడాలి కానీ, వాళ్ళని చూసి నేను వేస్తే తాళం వెనకబడక ఏమవుతుంది? నువ్వు నీడ గురించి రాసింది చదివి చాలాసేపు ఏడ్చాను. నేనూ ఆ ఖాళీ చానల్ లాగే పక్కవాళ్ళ మాట పలుకుతూ బతుకుతున్నాను.

నా దగ్గర నేర్చుకుని పామర్రులో క్లాసులు చెప్పుకుంటున్న గంగాదేవిని పిలిచి తాళాలు చేతికిచ్చాను. ఎందుకని పిల్లలు అడిగితే, పిల్లల ముందే చెప్పాను. అక్షయ నన్ను పట్టుకుని ఏడ్చింది. దానికి ముందే తెలుసట. ఇన్నాళ్ళూ ఫోన్లు అదే ఎత్తుతోంది కదా.

ప్రదర్శన రోజు తెర లేవక ముందు అక్షయతో పాటు నేనూ భూమికి నమస్కారం చేశాను. క్షమించమని అడిగాను, ఈసారి తొక్కుతున్నందుకు కాదు. చేతులు వెంటనే తీయబుద్ధి కాలేదు. మాస్టారు మృదంగం సరిచూసుకుంటున్నట్టున్నారు, స్టేజీ చెక్క మీద ఆనిన అరచేతిలోకి ఆ దెబ్బ వచ్చింది. చెవికి అందనిది చేతికి అందింది. కచేరీ అయ్యేదాకా పక్క తెర వెనక నేల మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాను. ఒక్క దెబ్బ పోలేదు.

ఇక నువ్వు పిలవటం సంగతి. మా లైను గరగర అని మొదటి ఉత్తరంలో రాశాను కదా. లైను బాగానే ఉంది. నీతో ఫోన్‌లో మాట్లాడలేకే ఉత్తరాలు మొదలుపెట్టాను. వస్తే కనిపెట్టేస్తావని రావద్దన్నాను. మొన్న వెనకనుంచి రెండుసార్లు పిలిచావని నీ ఉత్తరంలో చదివాకే నాకు తెలిసింది. కోపం కాదు అన్నయ్యా. నువ్వు వచ్చావని, పిలిచావని, వెళ్ళిపోయావని, ఏదీ నాకు వినపడలేదు.

వచ్చే శనివారం విజయవాడలో చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఒక్కదాన్నే వెళితే ఆయన ఏమడిగినా నవ్వుతూ తల ఊపేస్తాను. దీనికి జవాబు రాయొద్దు. బస్సెక్కి వచ్చెయ్యి. నా ఎదురుగా, వెలుతురు నీ మొహం మీద పడేలా కూర్చుని, తరుముతున్నట్టు కాకుండా మెల్లగా మాట్లాడు.

నీ పెదాల కోసం చూసే,
హేమ